పెత్రమాసకు సీలు విప్పని డబ్బా

ముందు ఇది రాసుకోండి, నా పేరు తరువాత రాసుకోవచ్చు. మల్లప్పను దొంగను చేసింది శాంతకుమార్ ఒక్కడే కాదు, ఈ కాగితం చదువుతున్న మీరు కూడా. ఆ వీడియో మీ ఫోనుకు వచ్చింది. చూశారు. సగంలో కోసిన వీడియో అని మీకు అనుమానం కూడా రాలేదు. ఇంకో గ్రూపులో వేశారు. కొందరు కింద నవ్వు బొమ్మ పెట్టారు. ఎవరెవరు పెట్టారో నాకు తెలుసు, నేనూ ఆ గ్రూపుల్లోనే ఉన్నాను.

రాసుకుంటున్న హెడ్ కానిస్టేబుల్ ఎలీసబెతు మేడం ముందు పేరు, వయసు చెప్పమంటున్నారు. చెబుతాను.

నా పేరు అంబదాస్. తండ్రి పేరు కిష్టప్ప, ఇప్పుడు లేడు. వయసు యాభై మూడు. నారాయణఖేడ్‌లో జిరాక్సు, డీటీపీ దుకాణం నడుపుతాను. వినియోగదారుల వేదికకు కన్వీనర్‌ని. వేదికలో ప్రస్తుతం నలుగురం ఉన్నాం, అందులో ఇద్దరికి మాటల్లేవు. ఇరవై ఏళ్ళుగా కరపత్రాలు రాసి నా మిషన్ మీదే అచ్చువేసి పంచుతున్నాను. తూకాల మీద రాశాను, ఎరువుల రేట్ల మీద రాశాను, పెత్రమాస పేరుతో పేదవాడి చేత చేయించే ఖర్చు మీద కూడా రాశాను. ఈ కేసులో నేను సాక్షిని. ఫిర్యాదులో 'వెంట వచ్చిన వ్యక్తి' అని ఉంది. ఆ వెంట వచ్చిన వ్యక్తిని నేనే.

ఈ రోజు 2025 సెప్టెంబరు 18, గురువారం. జరిగింది పోయిన శుక్రవారం, 12వ తేదీన, బస్ డిపో దగ్గర శాంతకుమార్ గిఫ్టు దుకాణంలో, సాయంత్రం ఐదు దాటాక. ఎల్లుండి దాటితే ఆదివారం, పెత్రమాస, పెద్దల అమావాస్య. నేను ఎందుకు తొందరపడుతున్నానో ఈ ఒక్క మాటతో అర్థం కావాలి. కాకపోతే మొత్తం వినండి.

మల్లప్పది మనూర్ వైపు ఒక తండా పక్కన ఊరు. నా దుకాణం వెనక రెండు గదుల్లో భార్య రామవ్వతో కిరాయికి ఉంటాడు. మార్కెట్ యార్డులో పని. రైతు సంచులు దించాక ధర్మేందర్ అనే అడ్తిదారు, అంటే కమీషన్ ఏజెంటు, తరఫున శాంపిల్ తీసేది మల్లప్పే. చేతిలో ఒక ఇనుప గొట్టం ఉంటుంది, ఒక కొస మొనదేలి ఉంటుంది. దాన్ని గోనె సంచిలోకి గుచ్చి బయటికి తీస్తే లోపలి గింజలు గొట్టంలోకి వస్తాయి. అరచేతిలో పోసుకొని, ఊఫ్ అని ఊది, పొట్టు పోయాక మిగిలింది అందరికీ చూపిస్తాడు. ఆ తరువాతే ఎవరైనా రేటు చెప్పేది. చూడకముందు రేటు చెప్పే ఆచారం యార్డులో లేదు. గుచ్చినందుకు ఏ రైతూ అతణ్ణి ఏమీ అనడు. గుచ్చకపోతేనే అనుమానపడతారు. ఇది రాసుకోండి మేడం, దీని మీదే మొత్తం ఉంది.

వాళ్ళకు ఒక్కతే బిడ్డ, సుహాసిని. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతుండగా కిందటి నవంబరులో చనిపోయింది.

ఆ పిల్లకు కార్డుల పిచ్చి. పిల్లలు ఆడుకునే బొమ్మ కార్డులు, విదేశీ కంపెనీవి. కంపెనీ పేరు ఇక్కడ చెప్పను, వాళ్ళకు ఉచిత ప్రచారం ఎందుకు? రెక్కల పాములు, మూడు తలల జంతువులు, ఒక్కోదానికి బలం ఎంతో అంకె. ప్యాకెట్‌లో ఏ కార్డులు ఉన్నాయో విప్పేదాకా తెలియదు. అరుదైన మెరిసే కార్డు ఏ ప్యాకెట్‌లో ఉందో ఎవరికీ తెలియదు. అట్లాంటి ప్యాకెట్లు ముప్ఫై ఆరు కలిపి ఒక డబ్బా, డబ్బా మీద కంపెనీ ముద్ర ఉన్న ప్లాస్టిక్ సీలు. ఆశను పొట్లం కట్టి పసిపిల్లలకు అమ్మే వ్యాపారం ఇది. దీని మీద కరపత్రం రాద్దామని కూడా అనుకున్నాను. ఇది జూదం పిల్లా అని ఆమెతో ఎన్నోసార్లు వాదించాను. ఒకరోజు నా మిషన్ దగ్గర కాగితాలు సర్దుతూ అన్నది:

"నువ్వు ఓటేసేటప్పుడు లోపల ఏముందో జూసి ఏస్తవా కాకా?"

ఆ కరపత్రం ఇప్పటికీ రాయలేదు.

కాలేజీ నుంచి వచ్చాక నా దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుని డబ్బా రేట్లు చూసేది. కొనేది కాదు. కొనే స్తోమత లేదని ఆమెకు తెలుసు. ఒక సైటులో చూసి, ఇంకో సైటులో చూసి, రవాణా ఖర్చు కలిపి, ముప్ఫై ఆరుతో భాగించేది. "డబ్బ రేటు జూడొద్దు కాకా, ప్యాకెట్‌కు ఎంత పడ్తదో జూడాలె" అని నాకే పాఠం చెప్పేది. వినియోగదారుల వేదిక కన్వీనర్‌కు. ఐదో సభ్యురాలిగా చేరమన్నాను. డబ్బా కొనిస్తే చేరతానన్నది.

ఒకసారి వరండాలో తండ్రీ బిడ్డా అన్నం తింటుంటే నేను విన్నాను. విడి ప్యాకెట్లు ఎందుకు కొనకూడదో చెబుతోంది. మెరిసే కార్డు ఉన్న ప్యాకెట్ కొంచెం బరువుంటుందట. కొందరు దుకాణదారులు సన్నని తూకంలో వేసి, బరువున్నవి తీసుకొని, తేలికవి అమ్ముతారట. సీలు ఉన్న డబ్బాలో ఆ మోసం నడవదు. కానీ కొందరు సీలు కూడా విప్పి, మంచివి తీసి, మళ్ళీ ప్లాస్టిక్ చుట్టి అమ్ముతారట. మల్లప్ప అన్నం కలుపుతూ విన్నాడు. విని, "అంటె మా సంచి లెక్కనే. మీద మంచి గింజ, లోపల తాలు" అన్నాడు.

"గంతే నాయినా. నీ సంచి లెక్కనే."

ఆ మాట అతను మరిచిపోలేదు. తరువాత జరిగినదంతా ఆ మాట మీదే జరిగింది.

నవంబరులో జ్వరం వచ్చింది. రక్తంలో కణాలు పడిపోయాయన్నారు. ఒక దవాఖాన నుంచి ఇంకోదానికి పంపారు, అక్కడి నుంచి సంగారెడ్డికి. నేనూ వెంట ఉన్నాను, అక్కడ కూడా వెంట వచ్చిన వ్యక్తినే. రేట్లు చూసుకోండి, నాలుగు చోట్ల అడిగి రండి అని ఆ మూడు రోజుల్లో మాకు ఎవరూ చెప్పలేదు. ఒక్క రేటు చెప్పి సంతకం పెట్టమన్నారు. పెట్టాం. నాలుగు రూపాయల బాల్‌పెన్ను నాలుగు కొట్లలో అడిగి కొనమని ఊరంతా పంచిన మనిషిని నేను. అక్కడ నోరు తెరవలేదు. జోగిపేట దాటాక అంబులెన్సులో పోయింది. రామవ్వ ఒళ్ళో తల ఉంది. జోగిపేట దాటాక.

మేడం విషయానికి రమ్మంటున్నారు. ఇదే విషయం.

పెత్రమాసకు చనిపోయినవాళ్ళకు ఇష్టమైనవి పెడతారు. కల్లు తాగేవాడికి కల్లు, చుట్ట తాగేవాడికి చుట్ట, కొత్త బట్ట. నేను నమ్మను. చనిపోయినవాళ్ళు తినరని ఎర్ర సిరాతో అచ్చువేసి పంచాను. ఆ కరపత్రం చూపించి నన్ను ఇరికించాలని ఎవరైనా అనుకుంటే, వద్దు, దానికి నేను కట్టుబడే ఉన్నాను. కానీ ఇది సుహాసిని పోయాక వచ్చే మొదటి పెత్రమాస. పెళ్ళికాని పిల్లకు పెద్దలతో పాటు పెట్టే రివాజు లేదని వాడకట్టులో ఆడవాళ్ళు అన్నారు. రామవ్వ బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు.

"పెద్దలు తింటుంటె నా బిడ్డ జూస్కుంట కూసుంటదా?"

ఆ తరువాత ఎవరూ రివాజు మాట ఎత్తలేదు.

బిడ్డకు ఇష్టమైనది ఏమిటి అంటే డబ్బా. ఆమె ఎన్నడూ చేతితో తాకని డబ్బా. "ఒక్కపారి మొత్తం డబ్బ నేనే ఇప్పాలె కాకా, వేరేటోళ్ళు ముట్టొద్దు" అని నాతో అనేది. తల్లితోనూ అన్నదట. మల్లప్ప నా దగ్గరికి వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు. నేను ఏం అంటానో అతనికి తెలుసు. నేను నోరు తెరిచేలోపే అన్నాడు:

"నువ్వు నమ్మవని తెల్సన్నా. రేట్లయితే జూస్తవ్ గద."

చూశాను. అది నేను చేయగలిగిన పని.

మొదట ఊళ్ళోనే ఒక స్టేషనరీ కొట్టు. అక్కడ విడి ప్యాకెట్లే ఉన్నాయి, ఒక్కోటి నూట యాభై. మల్లప్ప చేతిలోకి కూడా తీసుకోలేదు. "తేలికయి" అని బయటికి వచ్చాడు. ఆ కొట్టువాడు తూకం వేశాడని నేను అనడం లేదు, మల్లప్పా అనలేదు. బిడ్డ వద్దన్నది, అంతే.

తరువాత బీదర్. పొద్దున బస్సుకు పోయాం. బొమ్మల దుకాణంలో సీలు డబ్బా ఉంది, నాలుగు వేల ఎనిమిది వందల అరవై, ప్యాకెట్‌కు నూట ముప్ఫై ఐదు. మల్లప్ప కన్నడంలో బేరం ఆడాడు. అక్కడివాడు నవ్వి, ఇది ఉల్లిగడ్డ కాదు, రేటు తగ్గదన్నాడు. మల్లప్ప కూడా నవ్వాడు. నవంబరు తరువాత అతను నవ్వగా నేను చూసింది అదే. డబ్బాను అటూ ఇటూ తిప్పి, సీలు అంచున వేలు నడిపించి, భద్రంగా అరలో పెట్టేశాడు. ఇంకో రెండు చోట్ల చూడనిదే కొనవద్దని చెప్పింది నేను. కన్వీనర్‌ని కదా. ఆ రోజు అక్కడ కొననిచ్చి ఉంటే ఈ కాగితం ఉండేది కాదు. ఇది కూడా రాసుకోండి.

మూడోది ఫోనులో. నాలుగున్నర వేలు, రవాణా నూట ఎనభై, ప్యాకెట్‌కు నూట ముప్ఫై. రాత్రికి ఒక రేటు, పొద్దున ఒక రేటు, తిరిగి తీసుకోబడదు అని సన్న అక్షరాలు. కింద కొన్నవాళ్ళ అభిప్రాయాలు చదివి వినిపించాను. ఒకడు రాశాడు, సీలు ఉంది కానీ లోపల ప్యాకెట్లు ఎవరో విప్పి అంటించినవి అని. ఆ ఒక్కటి మళ్ళీ చదవమన్నాడు మల్లప్ప. మళ్ళీ చదివాను. ఇంకోసారి చదవమన్నాడు.

"ఎవడో ఇప్పిన డబ్బ, ఎంగిలి డబ్బ, నా బిడ్డ ముంగట వెట్టన్నా?"

రేటు ఎంత తక్కువైనా ఫోనులో వద్దని ఆ రాత్రే తేలిపోయింది. అంటే మాకు కావలసింది చౌక డబ్బా కాదు. ఎవరూ ముట్టని డబ్బా. ఫిర్యాదులో 'చౌకగా కొట్టేయాలనే దురుద్దేశం' అని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం రాసినవాడు మల్లప్పను ఒక్క మాట అడిగాడా?

నాలుగోది శాంతకుమార్ దుకాణం. పోయిన శుక్రవారం. మల్లప్ప యార్డు పని అయ్యాక నేరుగా వచ్చాడు. పెసర్ల సీజన్, ఒళ్ళంతా దుమ్ము. పొట్టి గొట్టం చొక్కా జేబులోనే ఉంది, రోజూ ఉండేదే. దాన్ని ఫిర్యాదులో 'మారణాయుధం వంటి పదునైన వస్తువు' అన్నారు. యార్డుకు వెళ్ళి చూడండి, ప్రతి అడ్తి ముందు ఆ మారణాయుధం ఒకటి గోడకు వేలాడుతుంటుంది.

శాంతకుమార్ అద్దాల బీరువాలో నుంచి డబ్బా తీసి ఇచ్చాడు. మూడు వేల తొమ్మిది వందల అరవై అన్నాడు. ప్యాకెట్‌కు నూట పది. బీదర్ కంటే అంత తక్కువ. తక్కువ రేటు అంటే నాకు మొదట ఆనందం రాదు, ప్రశ్న వస్తుంది. ఇంత తక్కువకు ఎట్లా ఇస్తున్నావని అడిగాను. అతను ఇంకో కొనేవాడి వైపు తిరిగాడు. రెండోసారి గట్టిగా అడిగాను. అసలు రేటు మీద ఇంకో చిట్టీ అంటించావు, కింద ఏముందని కూడా అడిగాను. కొంటే కొనండి, లేకపోతే పెట్టి పొండి, చట్టాలు వినడానికి దుకాణం పెట్టలేదన్నాడు. ఆ డబ్బా పోయిన ఎండాకాలం సరుకు, రవాణాలో ఒక మూల నలిగింది, అందుకే తగ్గించాడు. ఈ సంగతి అతను ఆ తరువాత ఇదే ఠాణాలో చెప్పాడు. అప్పుడే చెప్పి ఉంటే ఒక నిమిషంలో పోయేది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే నా గొంతు అట్లా ఉంది, అతని గొంతు అట్లా ఉంది.

ఇట్లా మేమిద్దరం గొంతు పెంచుకుంటుండగా మల్లప్ప డబ్బాను బల్ల మీద నిలబెట్టి, ఎడమ చేయి ఆనించి, జేబులోంచి గొట్టం తీసి గుచ్చాడు.

దాచుకుని చేయలేదు. దుకాణం మధ్యలో, లైటు కింద, అందరి ఎదుట చేశాడు. యార్డులో రోజూ ఎట్లా చేస్తాడో అట్లాగే చేశాడు. సంచి మీద రేటు దగ్గర తగాదా పడితే శాంపిల్ తీస్తారు. మా ఇద్దరికీ తగాదా పడింది. తీశాడు. గొట్టం ప్లాస్టిక్‌లోకి, అట్టలోకి, లోపల ప్యాకెట్‌లోకి దిగింది. బయటికి లాగి అరచేతిలో వంచాడు. గింజలు రాలేదు. చుట్టుకుపోయిన చిన్న మెరుపు కాగితం ముక్క, దానికి అంటుకుని కార్డు తునక. ఊఫ్ అని ఊదాడు. పొట్టు లేదు. ముక్క అట్లాగే ఉంది. మళ్ళీ ఊదాడు.

అప్పుడు తెలిసింది అతనికి. సంచికి బొక్క పడితే గోనె మళ్ళీ ముడుచుకుంటుంది. డబ్బా ముడుచుకోదు. తలెత్తి నన్ను చూశాడు. నేను అప్పుడు కూడా మాట్లాడుతూనే ఉన్నాను.

శాంతకుమార్ వచ్చి చెంప మీద కొట్టాడు. డబ్బా కోసి కార్డులు దొంగిలిస్తున్నావా అన్నాడు. కాలర్ పట్టాడు. దుకాణంలో ఇంకో ముగ్గురు ఉన్నారు, ఫోన్లు తీశారు. ఇక్కడి నుంచి మీరు చూసిన వీడియో మొదలవుతుంది. నేను తూనికల చట్టం, వినియోగదారుల చట్టం చెబుతున్నాను. వీడియోలో నా గొంతు వినిపిస్తుంది. నేను చట్టం చెబుతున్నాను, వాళ్ళు వీడియో తీస్తున్నారు. అతని చేయి పట్టుకుని ఇవతలికి లాగి ఉండాల్సింది.

వీడియో ఎక్కడ ఆగుతుందో గుర్తు తెచ్చుకోండి. మల్లప్ప నడుముకు చేయి పెట్టిన చోట ఆగుతుంది. ఇంకో ఆయుధం తీస్తున్నాడని కింద ఎవరో రాశారు. అతను తీసింది రుమాలులో ముడివేసిన డబ్బు. విప్పి, బల్ల మీద పెట్టి, "నేను కొంట సేటూ, నాదే తప్పు, డబ్బ నాకియ్యి" అన్నాడు. శాంతకుమార్ ఆ డబ్బు లెక్కబెట్టి గల్లాలో వేసుకున్నాడు. వేసుకున్నాక ఠాణాకు ఫోన్ చేశాడు. అద్దాల బీరువా పైన కెమెరా ఉంది. అది చూస్తే సగంలో ఆగదు. పూర్తి రేటు చెల్లించిన మనిషి తన డబ్బా తాను దొంగిలించడం ఎట్లా సాధ్యమో నాకు ఎవరైనా చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా చట్టాలు చదువుతున్నాను, నాకు ఎక్కడా కనిపించలేదు.

న్యాయంగా ఇంకో రెండు మాటలు. డబ్బా అసలుదే, కంపెనీ బిల్లు శాంతకుమార్ ఈ ఠాణాలో చూపించాడు. లోపల ఎవరూ ముట్టలేదు. శాంతకుమార్ దొంగ సరుకు అమ్మలేదు, నా అనుమానం తప్పు. రెండోది, ఆ శుక్రవారం రాత్రి ఇక్కడ ఠాణాలో మల్లప్పను ఎవరూ కొట్టలేదు. కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు. పిడికిలి విప్పమంటే విప్పలేదని మేడంకు అనుమానం వచ్చింది. చివరికి విప్పాడు. ఆ మెరుపు ముక్క ఉంది. మేడం చూసి మళ్ళీ మూసుకోమన్నారు. పంచనామాలో అది లేదు. ఇంకా అతని దగ్గరే ఉంది.

ఆ తరువాత ఏమైందో మీరు గ్రూపుల్లో చూడలేదు, ఎందుకంటే దానికి వీడియో లేదు. ఆ రాత్రే ఇంటికి పంపారు. శనివారం మల్లప్ప యార్డుకు పోయాడు. ఒక రైతు తన సంచుల మీద చేయి అడ్డం పెట్టాడు. ఇంకొకడు, కార్డులు ఏమన్నా దొరుకుతాయా మా మినుముల్లో అని అడిగాడు. అందరూ నవ్వారు. ధర్మేందర్ చెడ్డవాడు కాదు, కానీ ఆ సాయంత్రానికి గొట్టం ఇంకొకరికి ఇచ్చాడు. అందరి సంచిలో చేయి పెట్టే పని అది. నమ్మకం పోయాక ఆ పనిలో మిగిలేది ఏమీ లేదు. అంతకుముందు, ఆ పొద్దున, మనూర్ నుంచి వచ్చిన సాలమ్మ అనే ముసలామె ఒక్కతే తన పెసర్ల సంచి ముందుకు జరిపి అన్నదట:

"నాది గుచ్చు మల్లప్పా. దొంగవైతె ఇంకో పిడికెడు ఎక్వ దీస్కో."

ఆమె నవ్వించాలనే అన్నది. అతను గుచ్చలేకపోయాడట. చేయి రాలేదు. సోమవారం నుంచి పోవడం లేదు. గదిలో గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. అన్నం తింటున్నాడు. మాట్లాడమంటే ఒక్కటే అంటున్నాడు, డబ్బా ఎంగిలైంది అని. నేనే ఎంగిలి చేసిన అని. వీడియో గురించి అనడు, చెంపదెబ్బ గురించి అనడు, పోయిన పని గురించి అనడు. డబ్బా ఎంగిలైంది.

మొన్న మంగళవారం రామవ్వను తీసుకుని నేను ఇక్కడికి వచ్చాను. డబ్బా చూపించమని అడిగాం. మేడం లోపలి నుంచి తెచ్చి బల్ల మీద పెట్టారు. కొత్త తెల్లగుడ్డలో చుట్టి, దారంతో కుట్టి, ముడి మీద ఎర్ర లక్క కరిగించి ముద్ర వేశారు. కేసు సొత్తు, కోర్టు చెప్పేదాకా ఎవరూ విప్పడానికి వీల్లేదని మేడం చెప్పారు. రామవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంది కానీ ముట్టుకోలేదు. వంగి లక్క ముద్రను చాలాసేపు చూసింది. ఎవరు విప్పినా తెలిసిపోతుందా అని అడిగింది. తెలిసిపోతుందన్నారు మేడం. మల్లప్ప అంటున్న మాట నేనే ఆమెకు గుర్తుచేశాను, లోపల బొక్క ఉంది కదా అన్నాను. వాదించే నోరు ఎక్కడా ఊరుకోదు.

"బొక్క వెట్టింది ఎవరన్నా? దాని నాయినే గద. నాయిన ముట్టింది ఎంగిలెట్లయితది?"

ఎలీసబెతు మేడం అప్పుడు లేచి కిటికీ దగ్గరికి పోయారు. ఇప్పుడు రాయడం ఆపారు. రాయండి మేడం. మీరు రాయకపోతే నేను నా మిషన్ మీద అచ్చువేస్తాను.

చనిపోయినవాళ్ళు డబ్బాలు విప్పరు. ఇది నా నమ్మకం, ఆదివారం తరువాత కూడా ఇదే నా నమ్మకం. కానీ రామవ్వ ఇంటికి పోయి ఆ మాట మల్లప్పకు చెప్పింది. అతను గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. సీలు ఉందా అని అడిగాడు. సర్కారు సీలు ఉంది అన్నది. నేను కళ్ళారా చూశాను. గోడ వైపు తిరిగి పడుకున్నాక అతను ఇటు తిరగడం అదే మొదలు.

పైన చెప్పినదంతా నేను చూసింది, విన్నది. ఎవరి బలవంతం లేదు, ఎవరూ నేర్పలేదు, నాకు నేర్పగలిగినవాళ్ళు ఈ ఊళ్ళో తక్కువ. చదివి వినిపించారు. రెండు చోట్ల నేను చెప్పినదానికంటే మెత్తగా రాశారు, వాటిని దిద్దించాను. ఇది నిజం.

సంతకం: అంబదాస్
నారాయణఖేడ్, 18-9-2025

సంతకం కింద ఏమీ రాయకూడదని చెప్పారు. రాస్తున్నాను. ఇవి నా డిమాండ్లు:

1. దుకాణం కెమెరాలో మొదటి నుంచి చివరిదాకా ఉన్నది తెప్పించి చూడాలి. శాంతకుమార్ డబ్బు గల్లాలో వేసుకున్న చోట ఆపి, ఇంకోసారి చూడాలి.

2. దొంగతనం కేసు ఎత్తేయాలి. కొట్టినందుకు శాంతకుమార్ మీద కేసు పెట్టాలి. వద్దని మల్లప్ప అంటే అది మల్లప్ప ఇష్టం, మీది కాదు.

3. సగం వీడియో పంపినవాళ్ళందరూ, అదే గ్రూపుల్లో, అతను డబ్బు కట్టాడని రాయాలి. నవ్వు బొమ్మ పెట్టినవాళ్ళు కూడా.

4. యార్డులో రైతుల ముందు మల్లప్ప చేతికి గొట్టం తిరిగి ఇవ్వాలి. మొదటి సంచి సాలమ్మది ఉండాలి.

5. డబ్బా కోసం కోర్టులో దరఖాస్తు రేపే వేస్తాం. మీరు అడ్డు చెప్పకూడదు. జామీను నేను ఉంటాను.

6. ఆదివారం పొద్దెక్కకముందు డబ్బా రామవ్వ చేతికి ఇవ్వాలి. తెల్లగుడ్డ ఊడదీయకూడదు, లక్క పగలగొట్టకూడదు, లోపల లెక్క చూసుకోమని ఎవరూ అనకూడదు. అది సుహాసిని విప్పాల్సిన డబ్బా.